శనివారం తోమిన చేప

జబ్బు చేసిన తర్వాత మా నాయనకు మొట్టమొదట తిరిగొచ్చిన మాట "అబద్దం". ఆ ఘనత నాదే.

ఆస్పత్రి నుంచి ఉదయగిరిలో మా ఇంటికి తెచ్చిన కొత్తల్లో ఆయన ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉండేవాడు. నేను మంచం పక్కన కుర్చీ వేసుకుని ఊరి కబుర్లు చెప్పేవాణ్ణి. ఉన్న కబుర్లు అయిపోతే లేనివి చెప్పేవాణ్ణి. నేను బడిలో సోషల్ చెప్తాను కాబట్టి లేనివాటికి కొదవ లేదు. కొండ మీది కోతి ఒకటి బడి గోడ దూకి వచ్చి నా క్లాసులో చివరి బెంచీ మీద కూర్చుందనీ, హాజరు పిలిస్తే చెయ్యెత్తిందనీ చెప్తున్న రోజున, వంకరపోయిన పెదవులు కూడదీసుకుని, ఒక్కొక్క అక్షరాన్నే మెట్లెక్కించినట్టుగా, "అ... బ... ద్దం" అన్నాడు. మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఇన్నాళ్ళకు ఆ ఇంట్లో నా అబద్ధాలను తనతో కలిసి అబద్ధాలనే మనిషి దొరికినందుకు సంతోషంతో ఏడ్చింది.

పక్షవాతం నాయన కుడిపక్కను కొట్టింది. నడక కొద్దికొద్దిగా వచ్చింది. మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం మొరాయించింది. వేళ్ళు మూసుకునేవి గానీ తెరుచుకునేవి కావు. ఆత్మకూరులో ఫిజియోథెరపీ చేసే ఆమె మాకు ఒకే సంగతి మళ్ళీ మళ్ళీ చెప్పి పంపింది. ఈ చేతికి పట్టుకోవడం కష్టం కాదు, వదలడం కష్టం. వదలడం రోజూ చేయించాలి. మానేస్తే వేళ్ళు అట్లాగే బిగుసుకుపోతాయి, తర్వాత ఎవరి వల్లా కాదు.

రబ్బరు బంతి ఇచ్చింది. నాయన దాన్ని ఎడంచేత్తో అందుకుని కిటికీలోంచి వీధిలోకి విసిరేశాడు. బట్టల క్లిప్పులు ఇస్తే మంచం కిందికి తోసేశాడు. ఆత్మకూరు డిపోలో జీవితమంతా స్టీరింగు పట్టుకున్న మనిషి. పిల్లకాయల ఆటలు ఆడమంటే ఆడతాడా?

చేపను అందుకోసం తేలేదు. నాకు ఊసుపోక తెచ్చాను. ఆత్మకూరు బస్టాండు పక్కన నాతో చదువుకున్నవాడు ఒకడికి అంగడి ఉంది. ముందు భాగంలో ఫోన్ల కవర్లు, ఛార్జర్లు. లోపలికి పోతే గాజుతొట్లలో చేపలు, పంజరాల్లో లవ్ బర్డ్స్. నాయన మందులకని పోయినప్పుడు వాడి దగ్గర బంగారు రంగు చేపనొకదాన్ని, తొట్టినీ, అందులోకి రంగురాళ్ళూ ఫిల్టరూ కొన్నాను. తోక అంచున దానికి నల్లటి మచ్చ ఉంది. హాల్లో నాయన కుర్చీకి ఎదురుగా పెట్టాను.

ఎక్కడిదని కళ్ళతో అడిగాడు. సోమశిల డ్యాం గేట్లు ఎత్తినప్పుడు ఎగిరొచ్చి బస్సు కిటికీలోంచి నా ఒళ్ళో పడిందనీ, కండక్టరు దానికి అర టికెట్టు కొట్టాడనీ చెప్పాను. నాయన ఎన్నో ఏళ్ళు నడిపింది సోమశిల బస్సే. ఏ కిటికీలోంచి ఏ నీళ్ళు కనపడతాయో ఆయనకు తెలుసు. "అబద్దం" అన్నాడు, ఈసారి మధ్యలో ఆగకుండా.

మర్నాడు నేను మేత డబ్బా మూత తీస్తే ఆయన ఎడంచెయ్యి చాచి డబ్బా లాక్కున్నాడు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒక గింజ పట్టాడు. తొట్టి మీదికి చెయ్యి తెచ్చాడు. చేప పైకొచ్చి నోరు తెరిచింది. వేళ్ళు వదల్లేదు. చేప అక్కడే నిలబడి నోరు మూస్తోంది, తెరుస్తోంది. నాయన మెడ నరాలు బిగుసుకున్నాయి, నుదుట చెమట పట్టింది. చివరికి ఆ రెండు వేళ్ళూ తుప్పుపట్టిన గడియ కదిలినట్టు విడిపోయాయి. గింజ పడింది. చేప మింగింది. నాయన నావైపు చూడలేదు. డబ్బాలో ఇంకో గింజ వెతుకుతున్నాడు.

ఆ రోజు నుంచి ఆయనకు అదే పని. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. గింజ పట్టడం, వదలడం. ఎండలు ముదిరేనాటికి చొక్కా గుండీ ఒకటి తనే పెట్టుకున్నాడు. చెంచాతో మజ్జిగన్నం తిన్నాడు. ఫిజియో ఆమె వేళ్ళు సాగదీసి చూసి, ఏం చేయిస్తున్నారని అడిగింది. సోమశిల చేపవైద్యం అన్నాను. నవ్వి, ఏదైనా కానీండి, ఇప్పుడు మాత్రం ఆపొద్దు, ఆపితే వచ్చింది కూడా పోతుంది అంది.

ఇక్కడ మా ఇంటి శనివారం సంగతి చెప్పాలి. మాది మూడు తరాల బాప్టిస్టు కుటుంబం. ఆదివారం ఆరాధనకు ఇల్లు శనివారమే సిద్ధం కావాలి. మా అవ్వ నాటి నుంచి అదే పద్ధతి. ఆ రోజు మా ఇంట్లో కడగని గిన్నె, తుడవని గడప, ఉతకని దుప్పటి ఉండవు. చేపతొట్టి కూడా ఆ వరసలో చేరిపోయింది. చేపను బకెట్లోకి మార్చి, పాత నీళ్ళు పూర్తిగా పారబోసి, నేనూ మా ఆవిడా కలిసి గాజు తోమేవాళ్ళం. రంగురాళ్ళు కడిగి డాబా మీద ఎండబెట్టేవాళ్ళం. ఫిల్టరులోని స్పంజికి గోధుమరంగు జిగురు పట్టేది. అది తెల్లబడేదాకా సబ్బు పెట్టి పిండేవాళ్ళం. బోరునీళ్ళంటే మా వైపు అందరికీ భయమే, పళ్ళకు గార పట్టించే నీళ్ళు. అందుకని మేము తాగే ప్లాంటు నీళ్ళే క్యాన్లతో తొట్టిలో పోసేవాళ్ళం. ఇంటికొచ్చినవాళ్ళు తొట్టి చూసి, అద్దంలాగా పెట్టుకున్నారే అనేవాళ్ళు. మా ఆవిడ ఆ మాటను సంఘంలో నాలుగు ఇళ్ళకు చేరవేసేది.

అట్లాంటి ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చేసరికి చేప తొట్టి అడుగున కూర్చుని ఉంది. రెక్కలు ఒంటికి అంటుకుపోయాయి. నాయన గింజ పట్టుకుని చెయ్యి తొట్టి మీద ఆనించి ఎదురుచూస్తున్నాడు. ఎంతసేపట్నుంచి చూస్తున్నాడో. చేప పైకి రాలేదు. వేళ్ళు వదల్లేదు. నేనే ఆ వేళ్ళ మధ్య నుంచి గింజ తీయాల్సివచ్చింది.

దగ్గరికి పోయి చూస్తే చేప మొప్పల మూతల మీద తెల్లటి చుక్కలు కనిపించాయి. అంగడివాడికి ఫోను చేశాను.

"ఒళ్ళంతా నువ్వులు చల్లినట్టుండాదిరా" అన్నాను. మొప్పల మీద ఉన్నవి ఒళ్ళంతా ఎప్పుడు పాకాయో నాకే తెలియదు. నా నోట్లోంచి బయటికొచ్చే ఏ సంగతైనా కొంచెం ఒళ్ళు చేసి వస్తుంది.

ఒళ్ళంతా అయితే తెల్లమచ్చల జబ్బే, అంటుకుంటే రోజుల్లో పోతుందన్నాడు వాడు. సాయంత్రం బస్సు కండక్టరు చేతికిచ్చి నీలిమందు సీసా పంపాడు. మేత పూర్తిగా ఆపమన్నాడు. నీళ్ళన్నీ మార్చి, తొట్టి కడిగి, మందు పొయ్యమన్నాడు. కడగడమంటే మాకు చెప్పాలా? ఆదివారమైనా సరే మళ్ళీ కడిగాము. స్పంజి పిండాము. తొట్టి నీలంగా మారింది, అందులో చేప ఒక మరకలాగా కనిపించింది.

మేత ఆగింది. నాయన చెయ్యి కూడా ఆగింది.

మొదటి రోజు డబ్బా అడిగాడు. దానికి జబ్బు, తినకూడదు అన్నాను. తల ఊపాడు. మర్నాడు మళ్ళీ అడిగాడు. ఆ తర్వాత అడగడం మానేశాడు. రబ్బరు బంతి మళ్ళీ తెచ్చి ఒళ్ళో పెడితే దానివైపు చూడను కూడా చూడలేదు. వారం తిరక్కుండానే చెంచా ఎడంచేతికి మారింది. గుండీ మా ఆవిడ పెట్టాల్సివచ్చింది. పెడుతుంటే ఆయన గోడవైపు ముఖం తిప్పుకున్నాడు. కుర్చీలో కూర్చుని రోజంతా ఆ నీలం నీళ్ళనే చూసేవాడు. నేను ఆయన చెయ్యినీ చేపనూ మార్చి మార్చి చూసేవాణ్ణి. రెండూ ఒకే వైపు పోతున్నాయి.

చేప ఇప్పుడు అడుగున కూడా ఉండటం లేదు. పైకొచ్చి గాలి కోసం నోరు తెరుస్తోంది, కాసేపటికి ఒక పక్కకు వాలిపోతోంది. మందు పోసినకొద్దీ ఇంకా పాడవుతోంది. శుక్రవారం సాయంత్రం బడి నుంచి రాగానే అంగడివాడికి వీడియో కాల్ చేశాను. మా ఆవిడ సంఘం స్త్రీల కూటానికి పోయి ఉంది. నేను చెప్పడం మొదలుపెట్టానో లేదో వాడు ఆపేశాడు.

"నువ్వు నోరు మూసుకొని ఫోను చేప మీద పెట్టు."

చేతులు రెండూ కావాల్సివచ్చి స్పీకరు పెట్టి, ఫోను గాజుకు ఆనించాను. వాడు ముందుకు జరగమన్నాడు, దీపం పెట్టమన్నాడు, పక్కనుంచి చూపమన్నాడు. కాసేపు చూసి నవ్వడం మొదలుపెట్టాడు.

"ఒళ్ళంతా యాడుండాయిరా? మొప్ప మీద, ముందురెక్క అంచున, అంతే గదా. అది జబ్బు గాదు. మగచేప ఈడుకొచ్చినాడు, అప్పుడు అట్లనే చుక్కలు లేస్తాయి. పెళ్ళికొడుక్కి నాచేత విషం పోయించినావు గదరా."

నాకూ నవ్వొచ్చింది. అంతలో వాడి గొంతు మారింది.

"ఉండు. మొప్పలేంది, లోపల అంత ఎర్రగుండాయి?"

అక్కణ్ణుంచి వాడు అడగడం, నేను చెప్పడం. నీళ్ళు ఎప్పుడు మారుస్తారు? ప్రతి శనివారం. ఎన్ని? అన్నీ. స్పంజి? సబ్బుతో. రాళ్ళు? ఎండబెడతాం. ఏ నీళ్ళు? ప్లాంటు నీళ్ళు. ఒక్క మాట కలపకుండా, ఒక్కటి తీయకుండా చెప్పాను. నా జన్మలో అంత పొడిగా ఎవరికీ ఏదీ చెప్పి ఉండను.

"మీరు చేపను సాకతా ఉండారా, బిందెను తోమతా ఉండారా?" అన్నాడు.

చేప విసర్జించింది నీళ్ళలో విషమవుతుందట. ఆ విషాన్ని తినే కంటికి కనపడని పురుగులు స్పంజి జిగురులో కాపురం ఉంటాయట. మేము శనివారం శనివారం ఆ కాపురాన్ని కూల్చి ఆదివారం దేవుడికి దండం పెట్టుకుంటున్నామన్నమాట. మిగిలిన కాసిన్నింటినీ నీలిమందు చంపింది. అద్దంలాంటి నీళ్ళలో మొప్పలు కాలిపోతున్నాయి. ఇన్నాళ్ళు ఎట్లా బతికిందో వాడికే అర్థం కాలేదు.

"జబ్బుకు ముందు మేత ఎంత ఏస్తా ఉండారు?"

దానికి జవాబు చెప్పేముందు స్పీకరు తీసేసి ఉండాల్సింది. నాకు తట్టలేదు. మా నాయన చేతికి అదే కసరత్తు, రోజుకు మూడుసార్లు, వేళ్ళు అలిసేదాకా వేస్తాడు అని చెప్పాను.

"అయితే సగం విషం ఆ మేతేరా. అది తినంగా మిగిలిందంతా రాళ్ళ సందుల్లో కుళ్ళి ఉంటాది. పెద్దాయన చేతికి మంచిదే గానీ, చేపకు ఉరి."

వెనక్కి తిరిగాను. నాయన నన్నే చూస్తున్నాడు. ఫోను లాక్కుని చెవికి పెట్టుకున్నాను గానీ, అప్పటికే చెవిలో పడాల్సింది పడింది.

రేపు పొద్దున తొట్టిలో నీళ్ళు సీసాలో పట్టుకుని రమ్మన్నాడు వాడు. అంతలోపల కల్లుప్పు కొంచెం కరిగించి పొయ్యమన్నాడు, చేపకు ఊపిరి కాస్త తేలికవుతుంది. ఉప్పు అనగానే నాకొక ఆలోచన వచ్చింది. మేత లేకపోతేనేం? ఉప్పురాళ్ళు నాయన చేత వేయిస్తాను. పట్టడం, వదలడం. బేసిన్లో నీళ్ళు పోసి ఆయన ముందు పెట్టాను. సాసరులో ఉప్పు పెట్టాను.

"నాయనా, మందు నువ్వే వెయ్యాలంట" అన్నాను.

సాసరువైపు చూశాడు. తర్వాత వేళ్ళతో కాదు, పిడికిలితో ఉప్పు తీసుకున్నాడు. చెయ్యి బేసిను మీదికి తెచ్చాడు. అక్కడ ఆగింది. పిడికిలి తెరుచుకోలేదు. ఆయన తెరవలేకపోతున్నాడో, తెరవనంటున్నాడో నాకు అంతుపట్టలేదు. సోమశిలలో ఉప్పు తినే చేపల కథ ఒకటి మొదలుపెట్టాను. అబద్దం అని కూడా అనలేదు. ఆ ఉక్కకు చేతి చెమటతో ఉప్పు కరిగి మణికట్టు మీదుగా కారుతోంది. చివరికి నేనే ఒక్కొక్క వేలూ పట్టి తెరిచాను. అరచెయ్యి ఎర్రగా కందిపోయి ఉంది. ఆయన ఆ చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని, పైన తువ్వాలు కప్పుకున్నాడు.

శనివారం పొద్దున సెలవు పెట్టి సీసాతో ఆత్మకూరు పోయాను. పోయేముందు మా ఆవిడకు తొట్టి జోలికి పోవద్దని చెప్పాను. నా మాటను ఆమె ఎంత బరువుగా తీసుకుంటుందో నాకు తెలుసు కాబట్టి రెండుసార్లు చెప్పాను.

అంగడివాడు చిన్న గాజు గొట్టంలో మా నీళ్ళు పోసి రెండు రకాల చుక్కలు వేశాడు. పసుపుగా ఉంటే విషం లేనట్టేనన్నాడు. చూస్తుండగానే నీళ్ళు ముదురు ఆకుపచ్చగా తిరిగాయి. వాడు గొట్టాన్ని వెలుతురుకెత్తి పట్టుకుని పెదవి విరిచాడు.

"నా మాట విను. అదే రంగుది ఇంకోటి ఇస్తా, తీసకపో. తోకమీద మచ్చ కూడా కలుస్తాది. పెద్దాయనకు ఏం తెలుస్తాది?"

నిజంగానే లోపలి తొట్టిలో అట్లాంటిది ఉంది. చురుగ్గా తిరుగుతోంది. అబద్ధాలు చెప్పే మనిషికి అంతకంటే తేలికైన దారి ఏముంది? నేనూ దానివైపు కొంచెంసేపు చూశాను. కానీ నాయన డిపోలో బండి ఎక్కగానే, రాత్రి ఎవడో సీటు జరిపాడని కనిపెట్టే మనిషి. ఆయన రోజంతా చూసేది ఆ ఒక్క చేపనే. మార్చితే తెలుసుకుంటాడు. తెలుసుకుంటే, తన మేత వల్లే మొదటిది చచ్చిందని కూడా తెలుసుకుంటాడు. ఆ తర్వాత ఆ చేతిని ఎవరు తెరుస్తారు?

వద్దన్నాను. వాడు లోపలికి పోయాడు. పాత తొట్టి ఒకదాని ఫిల్టరులోంచి స్పంజి తీశాడు. నల్లగా, జిగటగా, చూస్తేనే చెయ్యి కడుక్కోవాలనిపించేట్టు ఉంది. ఆ తొట్టి నీళ్ళలోనే దాన్ని కవర్లో పెట్టి మూతి కట్టాడు. ఇదే మందు, ఇంక వేరే మందు లేదన్నాడు. తడి ఆరకూడదు, వేడెక్కకూడదు, క్యాను నీళ్ళు తగలకూడదు. ఆరిందంటే లోపలి కాపురమంతా చస్తుంది, తర్వాత అది ఉట్టి స్పంజి. రోజూ పావుభాగం నీళ్ళు మాత్రమే మార్చాలి, ప్లాంటు నీళ్ళలో సారం ఉండదు కాబట్టి అందులో బోరునీళ్ళు కలపాలి. మేత ఊసెత్తకూడదు.

మర్రిపాడు మీదుగా పోయే బస్సు ఎక్కాను. కవరు ఒళ్ళో పెట్టుకుని, ఎండ పడకుండా పైన రుమాలు కప్పాను. సగం దారిలో లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా నిలిచిపోయి ఉంది. యాక్సిల్ విరిగిందన్నారు. బస్సు ఆగింది. ఆగిన బస్సు పెనంలాగా కాలుతోంది. ప్యాంటు తడిగా తగిలి చూసుకుంటే కవరు మూల చిల్లు పడి నీళ్ళు కారుతున్నాయి. వేలితో అదిమి పట్టాను. వేలి పక్కనుంచి కారింది. కవరు నా కళ్ళముందే చిక్కిపోతోంది.

పక్కసీట్లో పెద్దామె కాళ్ళ దగ్గర ఖాళీ స్టీలు క్యారియరు ఉంది. దాన్ని అడిగాను. ఎందుకని అడిగింది. ఆత్రంలో నిజం చెప్పాను. చేపతొట్టిలో మురికమ్మా, ఇది తడారితే మా నాయన చెయ్యి తెరుచుకోదు అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, క్యారియరును తనవైపు జరుపుకుంది.

తప్పలేదు. ఉదయగిరి కొండ మూలిక, పసరులో ఊరేసి ఇచ్చారు, పక్షవాతానికి, తడి పోతే గుణం పోతుంది అన్నాను. మాట పూర్తి కాకముందే అడుగుగిన్నె తీసి నా ముందు పెట్టింది. స్పంజినీ మిగిలిన నీళ్ళనూ అందులోకి వంచి మూత బిగించాను.

"మా వదినక్కూడా కాలూ చెయ్యీ పడిపోయి ఉండాదబ్బయ్యా. రవ్వంత గిల్లి ఇయ్యి" అంది.

అది ఒకరి పేరున ఇచ్చింది ఇంకొకరికి పనిచెయ్యదని తప్పించుకున్నాను. ఆ పాపం కడుక్కోవడానికి ఫిజియో ఆమె ఎక్కడ ఉంటుందో, ఏ రోజు పోవాలో గుర్తులతో సహా చెప్పాను. ఆమెకు ఆ సంగతి మీద నమ్మకం కుదరలేదు. మూలికనే చూస్తూ కూర్చుంది.

లారీని పక్కకు లాగి బస్సు కదిలేసరికి మధ్యాహ్నం దాటింది. ఉదయగిరిలో దిగి, ఆమెను మా ఇంటి గుమ్మం దాకా పిలుచుకుపోయి, స్పంజిని లోపలి చెంబులోకి మార్చి, గిన్నె కడిగి ఇచ్చి పంపాను.

హాల్లో మా ఆవిడ తొట్టి పక్కన బకెట్టుతో, పీచుతో తయారుగా ఉంది. నీళ్ళ మీద తెట్టు కట్టింది, గాజుకు పొర పట్టింది. నాయన కుర్చీలోంచి లేచి నిలబడి, ఎడంచేత్తో తొట్టి అంచు పట్టుకుని ఉన్నాడు. వాళ్ళిద్దరూ అట్లా ఎంతసేపట్నుంచి ఉన్నారో.

"రేపు కూటం మనింట్లో. సంఘమంతా వస్తాది. ఈ కంపు నడిమింట్లో పెట్టుకొని ప్రార్థన చేసుకోమంటావా?" అంది. అంతలో చెంబులో ఉన్నది చూసింది. "ఏందయ్యా అది?"

"మందు" అన్నాను.

"నీ మాట నమ్మి నేనెప్పుడు బాగుపడినాను?"

అది న్యాయమైన ప్రశ్నే.  ఫోను తీసి అంగడివాడు పట్టుకున్న ఆకుపచ్చ గొట్టం ఫోటో చూపించాను. వాడు చెప్పింది ఉన్నదున్నట్టు చెప్పాను. నేను తడబడకుండా, చేతులు తిప్పకుండా చెప్పడం చూసి ఆమెకు భయం వేసినట్టుంది. చేపవైపు చూసింది. అది పక్కకు వాలి ఫిల్టరు గాలికి ఊగుతోంది. తర్వాత తువ్వాలు చుట్టుకుని ఉన్న నాయన కుడిచేతివైపు చూసింది. బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. కొంచెంసేపటికి అదే బకెట్టులో, పొద్దున పట్టి ఉంచిన బోరునీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టింది.

తెల్లటి స్పంజి తీసేసి నల్లదాన్ని ఫిల్టరులో బిగించాను. రాళ్ళ సందుల్లో చేరిన మడ్డిని సన్నటి గొట్టంతో పీల్చేశాను. చెంబుతో కొద్దికొద్దిగా నీళ్ళు మార్చాను. ఇక చెయ్యడానికేమీ లేదు. అదే కష్టంగా ఉంది.

ఆదివారం చేప పక్కకు వాలలేదు, అలాగని ఈదనూ లేదు. ఒక మూల నిటారుగా నిలబడి మొప్పలు కొడుతోంది. ఇది బాగుపడటమో, చివరి ఘడియో నాకు తెలియలేదు. అంగడివాడికి వీడియో పంపితే, వాడికీ తెలియలేదు.

సాయంత్రం కూటానికి హాలు నిండిపోయింది. తొట్టివైపు చూసి ముక్కు చిట్లించినవాళ్ళు ఉన్నారు. మా ఆవిడ తల దించుకుని చాపలు సర్దింది. పాటలయ్యాయి, వాక్యమయ్యింది. నాయన చెయ్యి కోసం ప్రార్థన చేశారు. ఆయన కళ్ళు మూసుకోలేదు. చేపను చూస్తూనే ఉన్నాడు, చెయ్యి తువ్వాలు కిందే ఉంది. ప్రార్థన తర్వాత మా ఆవిడ బిస్కెట్లు పంచింది, నేను టీ పళ్ళెంతో వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

మా సంఘంలో అందరికంటే వయసులో పెద్దామె తొట్టి పక్కన కూర్చుని ఉంది, ఆమెకు చేప మీద జాలి కలిగింది. మేతలేక చిక్కిపోయిందేమోనంది. బిస్కెట్టు అరచేతిలో నలిపింది. లేచి తొట్టివైపు చెయ్యి చాచింది. పిడికెడు బిస్కెట్టు పిండి. నేను గుమ్మంలో ఉన్నాను, మధ్యలో చాపల నిండా జనం, చేతిలో వేడి టీ. పళ్ళెం ఎక్కడ దించాలా అని చూస్తున్నాను.

తువ్వాలు కింద పడింది. నాయన కుడిచెయ్యి తొట్టి మూతి మీద ఉంది. అడ్డంగా, బల్లపరుపుగా, అయిదు వేళ్ళూ విడివిడిగా చాచుకుని ఉంది. బిస్కెట్టు పొడి ఆ చెయ్యి మీద రాలింది.

"వద్దు" అన్నాడు.

 పెద్దామె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ వేళ్ళవైపు చూసి, "స్తోత్రం" అంది. అందరూ అందుకున్నారు. కొందరు లేచి నిలబడ్డారు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ సంగతికి మాత్రం నేను చిలవలు పలవలు చేర్చలేదు, తగ్గించనూ లేదు. నాయన మాత్రం ఎవరివైపూ చూడలేదు. తెరుచుకున్న తన చేతినే, ఎవరిదో అన్నట్టు చూసుకుంటున్నాడు. చేప ఆ చేతి నీడలోకి వచ్చి, కిందనే ఆగింది.

ఆ తర్వాత రోజుల్లో పావుభాగం నీళ్ళు మార్చే పని నాయన తీసుకున్నాడు. చిన్న గ్లాసుతో ముంచడం, బకెట్లో ఒంపడం. వొలికేదే ఎక్కువ. మా ఆవిడ శనివారాలు ఆ గది తుడిచేటప్పుడు తొట్టిని చూడకుండా తుడిచేది. స్పంజిని ఎవరూ ముట్టుకోలేదు. కండక్టరు చేతికి నీళ్ళ సీసా ఇచ్చి పంపుతుంటే, గొట్టం రంగు ఎట్లా ఉందో అంగడివాడు ఫోటో పెట్టేవాడు. ముదురు ఆకుపచ్చ, లేత ఆకుపచ్చ, మళ్ళీ కొంచెం ముదురు. ఒక సాయంత్రం పసుపు వచ్చింది. కింద రాశాడు, ఒక్క గింజ వెయ్యి, ఒక్కటే.

మేత డబ్బా నాయన ఒళ్ళో పెట్టాను. ఆయన వెంటనే ముట్టుకోలేదు. చేపను చూశాడు, నన్ను చూశాడు. నేను కథేమీ చెప్పలేదు. వేళ్ళు డబ్బాలోకి పోయాయి. ఒక గింజను పట్టడానికి మునుపటికంటే ఎక్కువసేపు పట్టింది, ఎందుకంటే వచ్చిన రెండోదాన్ని విదిలించేస్తున్నాడు. తొట్టి మీదికి చెయ్యి తెచ్చాడు. చేప మూల నుంచి కదిలింది. నెమ్మదిగా పైకొచ్చి, నోరు తెరిచింది. వేళ్ళు విడిపోయాయి.

మింగి, మళ్ళీ నోరు తెరిచి అక్కడే తిరుగుతోంది. నాకు మనసాగలేదు. డబ్బాలో చెయ్యి పెట్టబోయాను. నాయన కుడి అరచేత్తో నా చేతి మీద ఒక్కటి వేశాడు. గట్టిగానే తగిలింది.

"చాలు" అన్నాడు.

మూత అందుకుని డబ్బా మీద పెట్టి, ఆ చేత్తోనే తిప్పడం మొదలుపెట్టాడు. వంకరగా కూర్చుంది. తీసి మళ్ళీ పెట్టాడు. నేను సాయం చెయ్యబోతే మోచేత్తో పక్కకు తోశాడు.